అంతరిక్షంలో ఫెర్నాండ్ అరుపు

జిల్లీ ఊళ్ళో ఫెర్నాండ్ గొంతు తెలియనివాళ్ళు లేరు. చర్చి పక్కన పాత క్యారవాన్‌లో బంగాళాదుంప ఫ్రైల కొట్టు నడిపే ఆవిడ "ఉప్పు చాలా?" అని అడిగితే, రోడ్డుకు అవతల మందుల షాపులో నిలబడ్డవాడు "చాలు" అని జవాబు చెప్పిన సందర్భాలున్నాయి. మనిషి మంచిది. కోపం ముక్కు మీద ఉంటుంది, అంతే. ఆ ముక్కు కూడా చిన్నదేం కాదు.

ఆ ముక్కు దేశమంతటికీ తెలుసు. ఫెర్నాండ్ తమ్ముడు అన్సెల్మ్ బొమ్మల కథలు గీస్తాడు. కెప్టెన్ ఓర్లాన్ అని ఒక వీరుడు, అతనికో అక్క, ఆమె పేరు వెర్దా. వాళ్ళ గ్రహంలో కరువు. విత్తనాలు తెచ్చే నౌకలకు ప్రాణం ఉంటుంది, పిరికివి, చడీచప్పుడు లేకుండా ఉంటేనే నేలకు దిగుతాయి. మొదటి పుస్తకంలోనే ఒక నౌక ఆకాశమంతా దాటి ఇంటి గుమ్మం దాకా వస్తుంది. అప్పుడు వెర్దా అరుస్తుంది. నౌక బెదిరిపోయి చందమామ అంచున కూర్చుంటుంది, ఎంత బతిమాలినా దిగదు. ఈలోగా పక్క గ్రహం వాళ్ళ నౌక దిగుతుంది, విత్తనాలు వాళ్ళ పాలవుతాయి. ఆ తర్వాత ఏ పుస్తకంలో ఏ చెడు జరిగినా తప్పు వెర్దాదే. ఆ వెర్దా ముక్కు అచ్చం ఫెర్నాండ్‌దే.

పందెం పావురాలు పెంచే ఊరికి ఇదంతా విడమరిచి చెప్పాలా? మొదటి పుస్తకం వచ్చిన రోజే అందరికీ అర్థమైపోయింది. ఫెర్నాండ్ చిన్నప్పుడు, బార్సిలోనాలో వదిలిన పావురాలు ఎగిరి ఇల్లు చేరే పందెం జరిగిన ఆదివారం, వాళ్ళ నాన్న ఎడ్మాన్ పావురం అందరికంటే ముందు ఇల్లు చేరింది. పందెం రోజున పెరట్లో తుమ్మడానికి కూడా లేదు, ఆరేసిన బట్టలు సైతం తీసేస్తారు. పావురం గూట్లోకి వచ్చి, దాని కాలి ఉంగరం తీసి, చేరిన సమయం అచ్చువేసే పందెం గడియారంలో వేస్తేనే లెక్క. సరిగ్గా అప్పుడే ఫెర్నాండ్ పెరట్లోకి దూసుకొచ్చి ఒక్క కేక పెట్టింది. పావురం చూరెక్కి కూర్చుంది. ఎడ్మాన్ గింజల డబ్బా ఆడించాడు, ఈల వేశాడు, చివరికి మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెట్టాడు. అది రెక్కలు దువ్వుకుంటూ కూర్చుంది. పక్కింటివాడి పావురం దిగింది. మొదటి బహుమతి కుట్టు మిషను పక్కింటికి వెళ్ళింది. అమ్మ బతికినంత కాలం చేత్తోనే కుట్టుకుంది.

అన్నీ తెలిసిన ఊరికి తెలియని ముక్క ఒకటుంది. ఫెర్నాండ్ ఎందుకు అరిచింది? అది అడిగినవాళ్ళు లేరు. కొట్టు ముందు పిల్లలు మాత్రం "వెర్దా అత్తా, నోరు మూయ్, నౌక వస్తోంది!" అని అరిచి పారిపోయేవాళ్ళు. ఫెర్నాండ్ జల్లిగరిటె పుచ్చుకుని వెంటపడేది.

తమ్ముడు ప్రతి శుక్రవారం కొట్టుకు వచ్చేవాడు. అదీ విడ్డూరం. మాటలు మాత్రం ఇవే.

"ఏ సాసు కావాలి?"

"మయోనీజ్ ఇవ్వండి."

"పైనా, పక్కనా?"

"పక్కన."

సొంత అక్కను 'మీరు' అంటాడు! అతను వెళ్ళాక ఫెర్నాండ్ ఆ రోజంతా నూనెతో గొడవపడేది.

నిజానికి ఆవిడ ఆ పుస్తకాలన్నీ చదివింది. తనను ఎరిగినవాళ్ళు లేని బజారుకు బస్సెక్కి వెళ్ళి కొనుక్కొచ్చి, ఫ్రైలు వేయించే కొవ్వు డబ్బాల వెనక దాచుకుంది. వెర్దా మీద ఆవిడకు ఒళ్ళుమంట. "నీకు బుద్ధి లేదటే? ఆ రాయబారి మీద కుర్చీ ఎందుకు విసిరావే?" అని పుస్తకాన్ని తిట్టేది. పేజీ తిప్పితే వెర్దా ఒంటరిగా ఓ మూల కూర్చుని ఉండేది, అందరూ ఆమెను వదిలేసి భోజనం చేస్తుండేవాళ్ళు. అది చూసి ఫెర్నాండ్ వెక్కి వెక్కి ఏడ్చేది. ఎవరైనా వస్తే ఉల్లిపాయలంటూ కళ్ళు తుడుచుకునేది. ఆవిడ కొట్లో ఉల్లిపాయలే ఉండవు.

ఇలా ఉండగా పేపర్లో వార్త పడింది. రాబోయేది చివరి పుస్తకమట, అందులో వెర్దాకు తగిన శాస్తి జరుగుతుందట, అన్సెల్మ్ స్వయంగా చెప్పాడట. ఫెర్నాండ్ అది చదువుతుండగా ఫ్రైలు మాడిపోయాయి. ఆ కొట్టు చరిత్రలో అలాంటిది ఎన్నడూ జరగలేదు. నన్ను ఎన్ని అన్నా పడ్డాను, దాన్ని చంపుతాడా? ఆవిడ పొయ్యి ఆర్పేసింది.

ఆ శనివారం పుస్తకాల షాపులో అన్సెల్మ్ సంతకాలు పెడుతున్నాడు. మా దగ్గర సంతకమంటే ఉత్త సంతకం కాదు, పుస్తకం మొదటి పేజీలో మనం అడిగిన పాత్రను గీసివ్వాలి. అందుకని జనం మడత కుర్చీలు, శాండ్‌విచ్‌లు వెంటపెట్టుకుని పొద్దున్నే వచ్చి వరసలో కూర్చుంటారు. ఆ వరస తప్పడమంటే చర్చిలో ఈల వేసినంత నేరం. అందుకే ఫెర్నాండ్ అంత కోపంలోనూ అందరి వెనకా నిలబడింది. ఒంటి మీద ఏప్రాను, చంకలో మొదటి పుస్తకం. ముక్కు కనబడకుండా తలగుడ్డ కళ్ళ దాకా, మఫ్లరు ముక్కు పైదాకా లాక్కుంది.

ఆవిడ ముందున్నవాడు పొరుగూరి పోస్ట్‌మాన్ రోలాన్. "నాకు వెర్దాని గీయాలి. నోటికి ప్లాస్టరుతో," అన్నాడు పక్కావిడతో.

పక్కావిడ స్కూల్లో లెక్కలు చెప్పే ఒడెట్. "అయ్యో పాపం, ఏం చేసిందండీ అంత?" అంది.

"ఏం చేసిందా? గ్రహం గ్రహమంతా పస్తులుంటే! మా చెల్లెలూ అంతే, దానికి నోరు తప్ప ఇంకేం లేదు."

"మీ చెల్లెలు మీ గురించి ఏమంటుందో! ఊరికే అరుస్తారా ఎవరైనా?"

"వెర్దా ఊరికే అరుస్తుంది. కెప్టెన్ చెప్పాడుగా, మొదటి పుస్తకంలో. తండ్రి అడిగితే 'ఊరికే అరిచింది నాన్నా' అంటాడు."

మఫ్లరు జారిపోయింది.

"ఊరికేనా?" అంది ఫెర్నాండ్. షాపు అద్దాలు గల్లుమన్నాయి. "చర్చిలో నా మొదటి కమ్యూనియన్ పండగ ఫోటో! తెల్ల గౌను, పూల కిరీటం! దానికి మీసాలు గీశాడు వెధవ! మెలేసిన మీసాలు! అది చూసి అరిచాను. నాన్న ఎందుకరిచిందని అడిగితే వీడు ఊరికే అన్నాడు. నేను చెప్పబోతే నాన్న నన్ను నోరు మూయమన్నాడు. ఇన్నేళ్ళు ఆ కుట్టు మిషను నా మెడకు కట్టుకుని తిరుగుతున్నాను!"

బల్ల దగ్గర అన్సెల్మ్ కలం ఆగిపోయింది, అతను గీస్తున్న కెప్టెన్ గడ్డం మీద సిరా మరక పాకింది.

రోలాన్ కుర్చీ మడిచి పక్కకు జరిగాడు. "మీరు ముందుకు వెళ్ళండమ్మా," అన్నాడు.

"అక్కర్లేదు. నా వంతు వచ్చినప్పుడే వెళ్తాను," అంది ఫెర్నాండ్. కదలకుండా నిలబడింది. ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే బొమ్మ గీయించుకుని, ఇంటికి పోకుండా గోడల వెంబడి చేరారు. ఆ మధ్యాహ్నం అన్సెల్మ్ గీసిన కెప్టెన్లందరికీ గడ్డం వంకరగా వచ్చిందని తర్వాత చెప్పుకున్నారు.

చివరికి ఆవిడ వంతు వచ్చింది. పుస్తకం బల్ల మీద పెట్టింది.

"ఎవరిని గీయమంటారు?" అన్నాడు అతను, తల ఎత్తకుండా.

"గీయొద్దు. దాన్ని ఎలా చంపుతున్నావో చెప్పు."

అతను కలం మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు. "చివరి పేజీ ఇంకా గీయలేదు. నెల నుంచి కూర్చుంటున్నాను, చెయ్యి రావట్లేదు. చచ్చిన గ్రహం మీద ఒక్కతే ఉంటుంది. పైన ఓర్లాన్ నౌక. పిలిస్తే నౌక బెదురుతుంది. అందుకని ఈసారి అరవదు. నోరు మూసుకుని నిలబడుతుంది, నౌక వెళ్ళిపోతుంది. అది ఆమె గొప్పతనం. అనుకుంటేనే నాకు ఏడుపొచ్చింది."

గోడ దగ్గర ఒడెట్ ముక్కు చీదుకుంది. రోలాన్ కూడా టోపీ తీశాడు.

"నీ మొహం!" అంది ఫెర్నాండ్. "అది నోరు మూసుకుంటుందా? అన్ని పుస్తకాలు గీశావు, అది ఎలాంటిదో నీకింకా తెలీదట్రా? అది అరుస్తుంది. ప్రాణం పోతున్నా అరుస్తుంది."

"నౌక పారిపోతుంది కదా."

"పారిపోనీ! నౌకను ఎవరు పిలిచారు? ఆ రోజు మాత్రం నేను పావురం మీద అరిచానా? నీ మీద అరిచాను. అదీ అంతే. తమ్ముణ్ణి పిలుస్తుంది. నౌక పోతే పోయింది, వాణ్ణి దూకి నడిచి రమ్మను."

ఫెర్నాండ్ బల్ల మీదికి వంగింది. ఆ మనిషి అంత మెల్లగా మాట్లాడగలదని అప్పటిదాకా ఊరికి తెలీదు.

"వస్తాడా?"

అన్సెల్మ్ తల ఎత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వస్తాడు అక్కా."

ఫెర్నాండ్ తలగుడ్డ తీసి ఆ పెద్ద ముక్కు గట్టిగా తుడుచుకుంది.

"అయితే తొందరగా రమ్మను. దాని గొంతు పోతోంది."