దవడకు కట్టిన తీగ

కాడి ఎత్తేటప్పుడు ఎద్దు తల విసిరింది. కొమ్ము కూడా కాదు, దాని నుదురు తగిలింది మా ఆయన గడ్డానికి. ఆ మాత్రానికే కింది దవడ విరిగింది. పంతొమ్మిది వందల ఎనభై దాటిన కొత్తల్లో మాట ఇది. మిరపకోతలు మొదలవుతున్నాయి. జగ్గయ్యపేట ఆసుపత్రిలో చూసి, ఇది పళ్ళ డాక్టరు చెయ్యాల్సిన పని, నందిగామ పొండి అన్నారు.

నందిగామ డాక్టరు పెద్దవయసాయన. సన్నటి తీగలు తీసి పై పళ్ళకీ కింది పళ్ళకీ కలిపి కట్టాడు. తీగ రెండు కొసలూ పటకారుతో పట్టుకుని మెలి తిప్పటమే. తిప్పేటప్పుడు ఆయన చూపు నోట్లో లేదు, గోడ మీదుంది.

"అటేం చూస్తున్నారయ్యా?" అన్నా, ఉండబట్టలేక.

"చూడ్డానికేం లేదమ్మా. చేతికి తెలియాలి."

దవడ కదలకుండా ఉంటే ఎముక అతుక్కుంటుందన్నాడు. తీగ వదులైతే వంకరగా అతుక్కుంటుంది, పైపళ్ళూ కిందపళ్ళూ కలవవు, ఇహ అన్నం సరిగ్గా నమలలేడు అన్నాడు. బయల్దేరేటప్పుడు ఇంకో మాట చెప్పాడు. "ఇంట్లో కటింగ్ ప్లేయరు పెట్టుకోండి. వాంతొస్తే ఊపిరాడదు, వెంటనే తీగలు కత్తిరించెయ్యాలి. అందుకు తప్ప దాన్ని ముట్టుకోవద్దు."

మా బావగారు, అంటే మా ఆయన అన్న, లారీలు బాగుచేస్తాడు. ముక్త్యాల సిమెంటు లారీలన్నీ ఆయన షెడ్డుకే వచ్చేవి. ప్లేయరు ఆయనే ఇచ్చాడు. మంచం కోడుకి తాడేసి కట్టి ఉంచా.

గంజి, మజ్జిగ, పప్పు మీద తేట. పళ్ళ పక్క సందులోంచి గొట్టంతో పీల్చేవాడు. పొరుగింటి అత్త వచ్చి, "అదృష్టవంతురాలివే! మొగుడి నోరు కట్టించావు" అనేది. "నోరు కట్టారు గానీ చేతులు కట్టలేదు అత్తా, గంజి చల్లారితే గ్లాసు విసురుతున్నాడు" అనేదాన్ని. మా ఆయన మూసిన పళ్ళలోంచే నవ్వేవాడు.

ఒకరోజు పొద్దున కుడిపక్క తీగ వదులైందని వేలితో చూపించాడు. ముట్టుకుంటే కదులుతోంది. నందిగామ పోదాం అన్నా. చేలో కూలీలు దిగి ఉన్నారు. అప్పుడే మా బావగారు వచ్చాడు.

"దీనికి బస్సెక్కాలా? నట్టు వదులైతే బిగిస్తాం. అంతేగా?"

"వద్దు బావగారూ. కొయ్యటానికి తప్ప ముట్టుకోవద్దన్నాడు డాక్టరు."

"కోసేదానితో తిప్పకూడదా అమ్మాయ్? రోజూ ఇంజన్లు బిగించే చెయ్యి ఇది."

మా ఆయన నా వంక చూడకుండా పెదాలు పక్కకి లాగి చూపించాడు. ఒక చుట్టు తిప్పితే గట్టిపడింది. "ఇంకొక్కటి" అన్నాడు బావగారు. టుప్పుమని తెగింది. పంటి మొదట్లో నెత్తురు. మా బావగారు తెగిన ముక్క చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఇంజనుకి ఇంతకంటే గట్టిగానే తిప్పుతాను గదరా" అన్నాడు, మెల్లగా.

ముగ్గురం బస్సెక్కాం. డాక్టరు ముందు బావగారే నిలబడి, "నా పనేనండీ. చేతికి కొలత తెలుసనుకున్నా" అన్నాడు.

డాక్టరు కేకలేస్తాడనుకున్నా. తెగిన ముక్క చూసి, "కొలత నాకూ తెలీదయ్యా" అన్నాడు. "పొద్దున కట్టినట్టు సాయంత్రం కట్టలేను. ఆ రోజు ఎడమపక్క ముందు కట్టా. కుడిపక్కకొచ్చేసరికి చెయ్యి అలిసింది. వదులైంది అదే గదా?"

"మరెట్లా చేస్తారయ్యా?" అన్నా.

"తెగుతుందేమోనని భయం వేసిన చోట ఆగుతా. ఆ భయం రోజూ ఒకేచోట వెయ్యదమ్మా."

మళ్ళీ కట్టాడు. ఈసారి కుడిపక్క ముందు కట్టాడు. ఒక్కోదాన్నీ వేలితో నొక్కి చూశాడు. నేనక్కడ కూచుని మా పెద్దదాని జడ గురించి ఆలోచించా. ఒకరోజు కణతలు లాగుతున్నాయే అమ్మా అని ఏడుస్తుంది. ఒకరోజు బళ్ళోనే ఊడిపోయిందంటుంది. అల్లేది నేనే, రోజూ ఒకేలాగే అల్లాననుకుంటా. ఇంత చదువుకున్నాయన చెయ్యీ అంతేనా అని భయమేసింది. ఆ మాట దాచకుండా చెప్పినందుకు భయం కొంచెం తగ్గింది కూడా.

మిరప కళ్ళాల్లో ఎండే రోజులకి తీగలు తీశారు. డాక్టరు సన్నటి కాగితం ముక్క పళ్ళమధ్య పెట్టి, కొరకమని, లాగాడు. ఎడమపక్క కాగితం రాలేదు. కుడిపక్క పళ్ళు కలవక జారి వచ్చేసింది.

"కొంచెం తేడా వచ్చింది. బెజవాడ పెద్దాసుపత్రికి పోతే మళ్ళీ విరిచి సరిచేస్తారు" అన్నాడు.

మా ఆయన అన్నాళ్ళకి నోరు తెరిచి, "ఒక పక్క చాలు. ముందు అన్నం పెట్టించండి" అన్నాడు.

ఆ తేడా డాక్టరు అలిసిన చేతిదో, మా బావగారి బలానిదో ఎవరు చెప్పగలరు? నేను అడగలేదు. మా ఆయన పోయేదాకా ఎడమపక్కనే నమిలాడు. ఇంట్లో మాంసం వండిన రోజు మా బావగారు భోజనానికొస్తే, తను ముద్ద కలపకముందే తన కంచంలోని మెత్తటి ముక్కలు ఏరి తమ్ముడి కంచంలో వేసేవాడు. మా ఆయన వద్దనేవాడు కాదు, అవే ముందు తినేవాడు.