పాతరలో పాటల పెట్టె

నిండు ఆఫీసులో పరువు పోగొట్టుకోవడం ఎలాగో తెలుసుకోవాలంటే కాస్త దగ్గరికి జరగండి. ఆ విద్యలో నన్ను మించినవాడు నల్లగొండ జిల్లాలో లేడు.

మా పెళ్లికి మామగారు గ్రామఫోను పెట్టారు. నా భార్య సత్తెమ్మకు అదంటే ప్రాణం. నేనేమో పట్నం పోయి దానికి బీమా కూడా చేయించిన మొనగాణ్ని. ఇంతలో రజాకార్లు వస్తున్నారని ఊరంతా గగ్గోలు. అందరూ బంగారం, బట్టలు జొన్నల పాతరలో దాస్తుంటే, నేను గ్రామఫోనునే గుంతలోకి దించి పైన జొన్నలు పోశాను. పెట్టె మూత బిగించానా? అదొక్కటీ అడక్కండి.

పోలీసు చర్య అయ్యాక బయటికి తీస్తే హ్యాండిల్ తిరగదు. సత్తెమ్మ కళ్లనిండా నీళ్లు.

"ఇప్పి జర దులుపరాదు?" అంది.

"ఇదేమన్న చాటల బియ్యమా, చెరగనీకి? బీమా ఉన్నది. కొత్తది తెస్త, ఫికర్ చెయ్యకు."

ఉత్తరం రాస్తే బీమావాళ్లు కుదరదన్నారు. దొంగలు పగలగొడితే ఇస్తారట, మనమే పాతిపెట్టుకుంటే ఇవ్వరట! నాకు ఒళ్లు మండింది. దొంగల భయంతోనే కదా పాతిపెట్టింది! "నడువు పట్నం, ఆళ్ల సంగతి చూస్త" అని సత్తెమ్మను వెంటబెట్టుకుని బయల్దేరాను.

నార్కట్‌పల్లిలో బస్సెక్కి గ్రామఫోనును టాపు మీద కట్టించాను. ఆ గుంతల రోడ్డు మీద ఎగిరెగిరి పడి, పట్నం చేరేసరికి నా నడుము నాది కాకుండా పోయింది. పెట్టె దించుతుంటే జలజలా జొన్నలు రాలాయి.

"ఏమయ్యో, జొన్నలు రాలుతున్నయ్!" అంది సత్తెమ్మ.

"కోళ్లు తింటయ్ తియ్. నువ్వు నడువు."

ఆఫీసులో కళ్లద్దాల పెద్దమనిషి ముందు పెట్టె దించి గర్జించాను. "సార్, ఇది సచ్చిపోయింది. పీనుగ! కొత్తది ఇయ్యాలె."

"మళ్లొకపారి తిప్పి చూసిండ్రా?"

"పీనుగను తిప్పితే లేస్తదా సార్?"

ఆయనే లేచి తిప్పాడు. కర్రుమంది. రెండు జొన్నగింజలు ఎగిరి సిరాబుడ్డి పక్కన పడ్డాయి. హ్యాండిల్ గిర్రున తిరిగింది. సత్తెమ్మ ఊరుకుంటుందా? ఏ నమ్మకంతో తెచ్చుకుందో, మూటలోంచి పాటల ప్లేటు తీసి పెట్టింది. నా పీనుగ గొంతెత్తి పాడింది! గుమాస్తాలంతా కలాలు పక్కన పెట్టి విన్నారు.

"కొత్తది ఎందుకయ్యా? గిదే మంచిగ పాడుతాంది" అన్నాడు పెద్దమనిషి.

అక్కడొక పాతర ఉంటే నేనే దూకేవాణ్ని. సత్తెమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని, "పోనీ తియ్యయ్యా, నా పానం లేచొచ్చింది" అని నవ్వింది. ఎన్నాళ్లకు నవ్విందో! సిగ్గు మరిచి నేనూ నవ్వేశాను.

తిరుగు బస్సులో కండక్టరు పెట్టెను లోపల పెట్టుకోమన్నాడు.

"వద్దు, టాపు మీదనే కట్టు. ఇంకేమన్న గింజలుంటే రాలనీ" అన్నాను.

ఆ టాపు సాక్షిగా ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. ఇంట్లో ఏది చెడినా ముందు దులుపుతాను, ఆ తర్వాతే కొట్లాటకు పోతాను. అదీ సత్తెమ్మ ఊఁ అంటేనే.