ఆదివారం రాహుకాలం

జ్యోతిషమంటే నాకు పిచ్చి. తొంభైల చివర్లో ఒక ఆదివారం, రాహుకాలం రాకముందే ఇంటి గడప దాటి, మార్కెట్లో అత్తిబెలె బస్సెక్కి, ఒళ్ళో పంచాంగం తెరిచాను. పక్క సీటులో కూర్చున్న ఆవిడ చేతి గడియారం చూసుకుని నిట్టూర్చింది.

"ఐదాయె. ఈపొద్దు నా కామెడీ సీరియల్ పోయినట్లే."

ఆ సీరియలంటే నాకూ ప్రాణమే. అలా మాటలు కలిశాయి. కాసేపటికి నా పంచాంగం చూసి ఆమె గొంతు తగ్గించింది.

"మా అత్తకి రాహుకాలమంటే శానా భయమక్కా. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా అంట్లు తోమితే ఇంటికి అరిష్టమని చెప్పినాను. సీరియల్ అయ్యేదాకా నన్ను ఎవురూ పిలవరు."

నాకు ఒళ్ళు మండిపోయింది. రాహుకాలంలో కొత్త పని మొదలుపెట్టకూడదన్నారు గానీ, అంట్లు తోమకూడదని ఏ శాస్త్రంలో ఉంది? ఇలాంటి వాళ్ళ వల్లే కదా జ్యోతిషం నవ్వులపాలయ్యేది? ఆ మాటే మొహం మీద అడిగేశాను.

ఆమె నొచ్చుకోలేదు. "శాస్త్రంలో లేదక్కా. వారానికంతా నేను కూర్చుని నవ్వేది ఆ అరగంటే" అని, హెబ్బగోడిలో దిగిపోయింది.

అత్తిబెలె చేరేదాకా నా కోపం తగ్గలేదు. శాస్త్రాన్ని అలా వాడుకోవడం తప్పని ఇప్పటికీ అంటాను.

మరుసటి ఆదివారం, ఎప్పటిలాగే వంటింటి గుమ్మంలో తడి చేతులతో నిలబడి ఆ సీరియల్ చూస్తుంటే, మా ఆయన తన స్నేహితులకు బజ్జీలు వెయ్యమన్నారు.

"రాహుకాలం" అని చెప్పి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను.