మోకాలి మీద చేయి

కొత్తగూడలో మేం కిరాయికున్న ఇంటి యజమానికి వాలీబాల్ అంటే ప్రాణం. గచ్చిబౌలి స్టేడియంలో ఏ పోటీ జరిగినా నన్నూ వెంటబెట్టుకుని వెళ్లేవాడు. ఆట బిగుసుకుంటే పక్కవాడి మోకాలు గట్టిగా పట్టుకునేవాడు. ఇంటికొచ్చాక కూడా నొప్పి ఉండేది.

అవి ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. ఆయనా తెలంగాణ రావాలనే వాడే. ఒకసారి ఆట మధ్యలో కొందరు కుర్రాళ్లు మెట్లెక్కుతూ ఒక్కొక్కరినీ ఏ ఊరని అడగసాగారు. మా ముందు వరుసలో ఒకతను "గుంటూరండి" అన్నాడు. అతణ్ని లేపి బయటికి నడిపించారు. మాదీ గుంటూరే. నోరు తెరిస్తే యాసే పట్టిస్తుంది.

"నీది ఏ ఊరన్నా?" అని నన్నడిగారు.

ఆయన నా మోకాలు పట్టుకున్నాడు. "మా అల్లుడు, బిడ్డా. పన్ను పీకించుకున్నడు. డాక్టర్ మాట్లాడొద్దన్నడు."

"అల్లుడు మాట్లాడకుంటెనే మంచిది మామా," అని నవ్వుకుంటూ వాళ్లు ముందుకు పోయారు.

ఆ ఆదివారం ఇంటికొచ్చిన ఆఫీసు మిత్రులకు కథ మార్చి చెప్పాను. లేచి నిలబడి "మాది గుంటూరు, ఏం చేస్తారు?" అన్నానని. తర్వాత ఏళ్ల తరబడి అలాగే చెబుతూ వచ్చాను. మొదటిసారి చెప్పిన ఆ ఆదివారం మాత్రం, నీళ్ల మోటారు వేయడానికి వచ్చిన ఇంటి యజమాని గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"నిజమేనాండీ?" అని ఒక మిత్రుడు ఆయన్నే అడిగాడు.

ఆయన నావైపు చూశాడు. "అవ్ సార్. మంచిగనే చెప్పిండు. నాకే కాళ్లు వణికినయ్."

అందరూ ఆయన్ని చూసి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో ఉన్నంతకాలం ఆయన నిజం చెప్పేస్తాడేమోనని భయపడుతూనే ఉన్నాను. ఆయన ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు, నా దగ్గర కూడా.