నాన్న ఏడ్చిన పేజీ

బొమ్మల కథల్లో ఆడా మగా తేడా మూడు వెంట్రుకలే. ఒట్టి చుక్క పెడితే మగవాడి కన్ను, దానికి మూడు రెప్పవెంట్రుకలు తగిలిస్తే ఆడదాని కన్ను. ఈ సులువు తెలియక బ్రహ్మదేవుడు అనవసరంగా అంత కష్టపడ్డాడు. ఏడుపు కూడా అంతే. ఆడది ఏడిస్తే చెంప మీద ముత్యమంత బొట్టు జారాలి, ముక్కు మాత్రం కారకూడదు. ముక్కు కారకుండా ఏడ్చిన మనిషిని మా ఇంట్లో నేను ఇంతవరకు చూడలేదు. మగవాడైతే అసలు ఏడవడు. వీపు తిప్పి, పిడికిలి బిగించి, వానలో నిలబడతాడు. ఆ వాన ఎక్కడి నుంచి వచ్చిందో మనం అడక్కూడదు.

పదేళ్ళుగా ఈ బొమ్మలే గీసి బతుకుతున్నాను కాబట్టి పెద్దగా నోరెత్తను. పోయిన ఏడాది మాత్రం ఒక పత్రికవాళ్ళు సొంత కథ అడిగితే, పత్తర్‌గట్టి బజారులో ఉన్న మా చీరల దుకాణం గీశాను.

చీర అమ్మడంలో మా నాన్నది ఒకటే పద్ధతి. గుబురు మీసాలు, బానపొట్ట ఉన్న మనిషి, కొంగు తన భుజం మీదే వేసుకుని, కుచ్చిళ్ళు తన నడుముకే పట్టి చూపిస్తాడు. పెళ్ళికూతుళ్ళు అద్దం వదిలేసి ఆయన్ని చూసే చీర తీసుకుంటారు. ఒకరోజు అలా ఎర్ర పట్టుచీర చూపిస్తుండగా ఫోన్ వచ్చింది. ఆయన్ని ఎత్తుకుని పెంచిన అక్క, మా మేనత్త, పోయింది. నాన్న ఆ కొంగుతోనే కళ్ళూ ముక్కూ తుడుచుకుంటూ, వచ్చినవాళ్ళ ముందే గుక్కపెట్టి ఏడ్చాడు. నేను పక్కనే ఉన్నాను. చూసింది చూసినట్టు గీశాను.

పత్రిక ఎడిటర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, మీసాలాయన చీరలో ఏడిస్తే జనం నవ్వుతారు. వీపు చూపించండి. పిడికిలి పెట్టండి."

ఆ నవ్వు మాట గుచ్చుకుంది. బజారంతా తెలిసిన మనిషిని నవ్వులపాలు చేస్తానేమోనని భయపడి మార్చేశాను. వాన కూడా పెట్టాను, దుకాణం లోపలే.

అయినా మనసొప్పక, అచ్చుకు పంపేముందు నాన్నకు చూపించాను. కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"గీ మనిషెవరు?"

"నువ్వే నానా."

"నేనా? నలభై ఏండ్లల్ల గిరాకీకి ఎన్నడన్న వీపు చూపెట్టిన్నా?"

దుకాణంలో కొనడానికి వచ్చిన గిరాకీకి వీపు చూపిస్తే లక్ష్మికి చూపినట్టేనని మా ఇంట్లో ఉగ్గుపాలతోనే నేర్పిస్తారు. అదే మర్చిపోయాను. నాలుక కరుచుకుని, ఏడ్చినట్టు గీస్తే జనం నవ్వుతారట అని చెప్పాను.

"నవ్వనీ. నేను రోజూ చీర ఏసుకుంటుంటె, ఇన్నేండ్లు నవ్వకుంటనే ఉన్నరా?" అన్నాడు. ఆ తర్వాత పేజీ మీద పిడికిలి దగ్గర వేలు పెట్టాడు.

"మా అక్క సచ్చిపోయిందే బిడ్డా. పిడికిలి బిగవట్టి ఎవర్ని కొట్టాలె?"