జెబులన్ తాత పందుల కొలువు

మా వంశానికి ఆద్యుడైన జెబులన్ తోర్లీ ఈ ఊరికి అధికారిగా చేశాడని మా లూసిండా అత్త ఎనభై ఏళ్లుగా చెప్పుకుంటోంది. ఏ అధికారి అని ఎవరూ అడగలేదు.

న్యూ హాంప్‌షైర్‌లోని మా కొండ ఊళ్లో తొలి కాపురాలవాళ్ల వారసులకు ఒక సంఘం ఉంది. పోయేలోగా అందులో చేరాలని అత్త పంతం. అడ్డంకి ఒక్కటే. జెబులన్‌కూ ఆయన ఇల్లాలు కెజియాకూ పెళ్లైనట్టు రుజువు లేదు. వాళ్ల పెద్దకొడుకు 1743 డిసెంబరులో బాప్తిస్మం పొందినట్టు చర్చి పుస్తకంలో ఉంది. పెళ్లిళ్ల పుటల్ని మాత్రం ఎలుకలు తినేశాయి.

"పెళ్లి కాగితం లేకుండా ఎలాగండీ లూసిండా గారూ?" అంది సంఘం కార్యదర్శి పింగ్రీ.

"అంటే మా అవ్వ పెళ్లికాకుండానే కన్నదంటావా?"

"అయ్యో, నేనెందుకంటాను? ఎలుకలంటున్నాయి."

మర్నాడే అత్త నన్ను వెంటేసుకుని ఊరి కచేరీకి బయల్దేరింది. మంచు కరిగి, దారంతా బురద మా బూట్లను వదల్లేక వదులుతోంది. ఊరి సభల పాత పుస్తకం తెరిచాం. 1743 మార్చి పుటలో సిరా చలికి వణికినట్టుంది. ఆ వణుకులోంచి జెబులన్ లేచొచ్చాడు.

"అత్తా, అధికారే. కానీ..."

"నసగకుండా చదువు."

"పందుల అధికారి."

ఊరి మీద పడ్డ పందుల్ని పట్టి, మెడకు కొయ్యకాడి తగిలించడం ఆ మార్చి సభ ఆయనకిచ్చిన పని. తర్వాత, మతగురువు గారి ఆడపంది తనను వాగు దాకా ఈడ్చుకెళ్లిందనీ, చిరిగిన చొక్కాకు బదులు కొత్తది కావాలనీ అర్జీ పెట్టుకున్నాడు. సభ నవ్వి తోసేసింది. మా మూలపురుషుడి జీవితంలో మిగిలినదంతా ఆ చొక్కా చిరుగే.

అత్త ముఖం మాడిపోయింది. అంతలోనే కళ్లు మెరిశాయి.

"ఒసే, మా పెళ్లైన ఏడాది మీ వెండెల్ మామకీ ఇదే కొలువిచ్చారే! సభంతా పందుల్లా గుర్రుమంది. కొత్త పెళ్లికొడుకులకు తప్ప ఇది ఇవ్వరు!"

మార్చి నుంచి డిసెంబరు దాకా వేళ్ల మీద లెక్కపెట్టింది. "తొమ్మిది. మా జెబులన్ ఆలస్యం చేసే రకం కాదు."

దరఖాస్తులో 'పందుల అధికారి' అని తనే పెద్దక్షరాలతో రాసింది. పింగ్రీ రెండుసార్లు చదివి, మూతి బిగించి ముద్ర వేసింది.

"ఆ కాలంలో మీ తాతగారిది ఏ కొలువో?" అడిగింది అత్త.

"ఊరి సభకు అధ్యక్షులు. ఏనాడూ పందుల్ని ముట్టలేదు."

"పాపం," అంది అత్త, "మరి పెళ్లెప్పుడు చేసుకున్నాడమ్మా?"