ఎగబాకుడు మాను

ఆ రోజుల్లో నాకు తెలియని మొక్క భూమ్మీద లేదనుకునేవాణ్ణి. తాడేపల్లిగూడెంలో ఓ ప్రైవేటు కాలేజీలో కొత్తగా బోటనీ లెక్చరర్‌నయ్యాను మరి. జీతం అప్పుడప్పుడూ ఆగేది గానీ గర్వం ఏ నెలా ఆగలేదు. అలాంటి నన్ను మా మేనమామ పెళ్ళిచూపులకని కలిదిండి తీసుకెళ్ళాడు. అమ్మాయి ఫోటో చూసినప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. కాబట్టి అక్కడ ఏ తప్పూ వాగకూడదని బస్సులో దారిపొడవునా నాకు నేనే చెప్పుకున్నాను.

తీరా వెళ్ళాక, అమ్మాయికంటే ముందు చెట్టును చూపించారు. చేపల చెరువుల మధ్య ఉన్న ఆ ఇంటి పెరట్లో, కొబ్బరిచెట్టును వాటేసుకుని మొవ్వుదాకా పాకిందో మహావృక్షం. ఒక్కో ఆకూ విస్తరంత. “దీన్ని ఎగబాకుడు మాను అంటారండీ. మా తాతగారు రంగూన్నుంచి తెచ్చారు,” అన్నారు అమ్మాయి నాన్నగారు. కొల్లేరు పొంగబోయే ముందు అది గబగబా పైకి పోతుందట. పరువున్నవాళ్ళ పెరట్లోనే బతుకుతుందట (పక్కింట్లో ఎందుకు లేదో అలా తెలిసింది). అబద్ధాలకోరు ముట్టుకుంటే ఆకు ముడుచుకుంటుందట. నాకు కనబడుతున్నది మాత్రం మా స్టాఫ్ రూములో సీసాలో పెరిగే మనీ ప్లాంటు. ఎక్కడానికి ఆసరా దొరికితే అది ఇలాగే బలిసిపోతుంది, కొందరు మనుషుల్లాగే. “మీ పుస్తకాల్లో దీన్నేమంటారండీ?” అని ఆయన ఆశగా అడిగారు. మేనమామ నా కాలు తొక్కాడు. “పుస్తకాలదాకా ఇంకా రాలేదండీ,” అన్నాను. ఆయన మురిసిపోయి, ఓసారి ముట్టుకోమన్నారు. ముట్టుకున్నాను. ఆకు ముడుచుకోలేదు. పరీక్షలు పెట్టడంలో అంత నిక్కచ్చి ఆ మాను.

తర్వాత వరండాలో మమ్మల్నిద్దర్నీ మాట్లాడుకోమన్నారు. “అది మనీ ప్లాంటని మీకు తెలీదాండీ?” అన్నదే ఆ అమ్మాయి మొదటి మాట. తెలుసనీ, చెబితే సంబంధం పోతుందని భయపడ్డాననీ ఒప్పుకున్నాను. దానికి ఆమె, “ఇంతకుముందు వచ్చినాయన చెప్పేశారండీ. ఆ పూట మా నాన్న అన్నం తినలేదు,” అంది. నేనింకేమీ అడగలేదు. ఆమె కూడా నా జీతం సంగతి అడగలేదు. వారం తిరక్కుండా కబురొచ్చింది. ఆ తర్వాత మా మావగారు, లెక్చరరుగారే ఒప్పుకున్న చెట్టని ఊరంతా చెప్పుకున్నారు. ఆ మాట మా ప్రిన్సిపాల్ చెవిన పడకూడదని నేను మొక్కని దేవుడు లేడు.

ఇప్పుడు ఏలూరులో డిపార్టుమెంటు హెడ్డుని. ఎవరు ఏ మొక్క పేరు తప్పు చెప్పినా నలుగురి ముందే దిద్దేస్తాను, ఆపుకోలేను. భయంతోనే అయితేనేం, ఒక పెద్దాయన ముందు నోరు మూసుకోగలిగిన ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడంటే కాస్త అసూయ కూడా.